లక్కముద్ర పడ్డ ప్రింటరు

చింతగరువులో మంగతాయారు భయాల గురించి తెలియనివాళ్ళు లేరు. బస్సెక్కి టిక్కెట్టు తీసుకున్నాక, గ్యాసు కట్టేశానో లేదోనని దిగి వెనక్కి వచ్చిన మనిషి. వచ్చి చూస్తే కట్టే ఉండేది. అయినా ఒకసారి విప్పి, మళ్ళీ కట్టి, అప్పుడు స్థిమితపడేది. భర్త గవర్రాజుకి నీళ్ళమోటార్లు బాగుచేసే కొట్టుంది. ఆయన రెండుసార్లు ఫోనెత్తలేదంటే కరెంటు కొట్టిందనే ఆవిడ లెక్క. మూడోసారి ఎత్తితే, "ఎత్తారేంటండీ, ఏమైంది?" అని అడిగేది.

ఇంట్లో కంప్యూటర్లు రెండు. కొట్టు బిల్లుల కోసం కొన్న పాతది హాల్లో ఉంది. దాని పక్కనే ప్రింటరు. రెండోది కూతురు మణిదీప ల్యాప్‌టాప్, వెనకగదిలో ఉంటుంది. రెంటికీ మధ్య వైరు లేదు. గోడమీద దీపాలు మిణుకుమిణుకుమనే పెట్టె ఒకటుంది, అంతే. దీప వెనకగదిలో మీట నొక్కితే హాల్లో కాగితం బయటికొచ్చేది. మొదటిసారి మనుషుల్లేని హాల్లో ప్రింటరు దానంతటదే గరగరమని కాగితం కక్కేసరికి, మంగతాయారు చేతిలో పప్పుగిన్నె వదిలేసింది.

"గాల్లోంచి వస్తుందమ్మా, భయం లేదు" అని దీప నచ్చజెప్పింది.

"గాల్లోంచంటే? మధ్యలో వంటగదుంది కదే! పొయ్యి మీదుగా వస్తుందా?"

"ఆఁ, అలాగే అనుకో."

అలాగే అనుకుంది. ఆ రోజు నుంచీ దీప ఏదైనా ప్రింటు తీస్తానంటే, మంగతాయారు ముందుగా వెళ్ళి స్టవ్వు మంట తగ్గించి వచ్చేది. అంత కాగితాన్ని అంత మంట మీదుగా రానివ్వడానికి ఆవిడకి మనసొప్పేది కాదు. ఏడో తరగతితో చదువాగిపోయిన మనిషి, తనకి తెలిసిన జాగ్రత్త తను తీసుకుంది. ఈ పద్ధతిలో రెండేళ్ళు ఒక్క కాగితం కూడా అంటుకోలేదు.

అలాంటి రోజుల్లో పురపాలక సంఘంవారు గృహజాల భద్రతా పక్షోత్సవాలు మొదలుపెట్టారు. ఆటోకి మైకు కట్టి వీధివీధినా చదివించారు. "రెండు లేక అంతకు మించిన కంప్యూటర్లు గల ప్రతి గృహమునందును ఒక గృహజాల భద్రతాధికారిణి ఉండవలెను. బియ్యం కార్డునందు కుటుంబ పెద్దగా నమోదైన మహిళయే సదరు అధికారిణిగా భావింపబడును. అధికారిణి లేని చోట్ల యంత్రములు మూసివేయబడును."

మొదటి దెబ్బ నెట్ సెంటర్ సత్తిబాబుకి తగిలింది. పాపం, నలభై ఆరేళ్ళ బ్రహ్మచారి. ఆయన కార్డులో ఆయనొక్కడే ఉన్నాడు. ఆడపేరు లేదు కాబట్టి అధికారిణి లేదు, అధికారిణి లేదు కాబట్టి సెంటరు లేదు. షట్టరుకి తాళం వేస్తూ ఉద్యోగులు, "పెళ్ళి చేసుకొని రండి, తెరుస్తాం" అని మర్యాదగానే చెప్పారు.

అధికారిణులకి శిక్షణ కల్యాణమండపంలో ఇచ్చారు. ప్రత్యేకాధికారి భుజంగరావు వేదికెక్కి, మైకుని మూడుసార్లు తట్టి, "భద్రత అనగా ఏమి?" అని అడిగి, ఎవరూ చెప్పకముందే, "భద్రత అనగా భయముయొక్క క్రమబద్ధమైన నిర్వహణ" అన్నాడు. తర్వాత, "మీలో అందరికంటె ఎక్కువ భయపడువారెవరు?" అన్నాడు.

పక్కింటి కాసులమ్మ మంగతాయారుని మోచేత్తో పొడిచి లేపింది. "ఇదిగోనండి, ఈవిడండి! ఎండలో కూడా పిడుగు పడుద్దేమోనని గొడుగేసుకుంటదండి!"

మండపమంతా నవ్వింది. మంగతాయారు చీరకొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. భుజంగరావు మాత్రం నవ్వలేదు.

"ఇటు రండమ్మా. మీరేమేమిటికి భయపడుదురో సభకు సెలవియ్యండి."

ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. గ్యాసు, మెట్లు, తడికాలు, ఫ్యాను రెక్కలు, ఎత్తని ఫోను, ఎత్తిన ఫోను, పెరట్లో వంగిన కొబ్బరిమట్ట, దీప స్కూటీ వెనకచక్రం. పావుగంట పట్టింది. వెనక వరసల్లో ఇద్దరు లేచి, ఇంటికి ఫోన్లు చేసుకోవడానికి బయటికెళ్ళారు. భుజంగరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇరువది రెండేండ్ల సర్వీసులో ఇంతటి ముందుచూపు నేను చూచి ఎరుగను" అని, ఎర్రతాడున్న గుర్తింపు కార్డూ, నలభై ఒక్క నిబంధనల పుస్తకమూ ఆవిడ చేతికిచ్చాడు.

పెళ్ళై ఇరవై ఏళ్ళు దాటింది. పుట్టింటివాళ్ళూ అత్తింటివాళ్ళూ ఏ భయాన్ని చూసి నవ్వారో, ఆ భయానికి సర్కారువారు మెడలో బిళ్ళ కట్టారు. మంగతాయారు ఆ కార్డు మెడలో ఉంచుకొనే అన్నం వార్చింది.

మర్నాడు తనిఖీకి భుజంగరావే స్వయంగా వచ్చాడు. వెంట ఒక సంచి, ఒక కొవ్వొత్తి, ఒక లక్కముద్ద.

"ఈ రెండు యంత్రములును ఒకదానినొకటి చూచుకొనుచున్నవి" అన్నాడు, ఏదో చూడరానిది చూసినవాడిలా.

"ఒకింట్లో ఉన్నాయి కదండీ, చూసుకోవా మరి?" అన్నాడు గవర్రాజు.

"దొంగ ఎక్కడినుండి వచ్చును? తెలిసినచోటినుండియే వచ్చును."

మంగతాయారు ఇన్నాళ్ళూ తెలియనివాళ్ళకే భయపడింది. తెలిసినవాళ్ళకి కూడా భయపడాలని తట్టనేలేదు. "కట్టేయండి బాబూ, చూసుకోవద్దు, ముందు కట్టేయండి" అంది.

చూపు కట్టేశారు. వెనకగదిలోంచి హాల్లోకీ, హాల్లోంచి వెనకగదిలోకీ ఏదీ పోకుండా ఆపేశారు. ల్యాప్‌టాప్‌లోంచి వీధిలోకి కూడా ఏమీ పోకుండా ఆపేశారు. మళ్ళీ తెరవాలంటే పాస్‌వర్డు కావాలి. ఆ పాస్‌వర్డు ఏ ఒక్క మనిషికీ పూర్తిగా తెలియకూడదని తొమ్మిదో నిబంధన. అందుకని సగం మంగతాయారు కొట్టింది, సగం భుజంగరావు తలమీద తువ్వాలు కప్పుకొని కొట్టాడు. తన సగాన్ని కవరులో పెట్టి, ఆఫీసు ఇనపబీరువాలో భద్రం చేస్తానన్నాడు.

అక్కడితో ఆగేదే. కాని మంగతాయారుకి ఉత్సాహం వచ్చింది. "ప్రింటరు నోరు అలా తెరుచుకొని ఉంటుందండి, ఏదైనా దూరితేనో?" అంది. దాని నోటికీ, హాలు కంప్యూటరుని వదిలి రాకుండా దాని వైరుకీ లక్కముద్ర పడింది. "ల్యాప్‌టాపు పక్కన బొక్కలున్నాయండి." వాటికీ పడింది. "గోడ మీద పెట్టె దీపాలు కిటికీలోంచి బయటికి అవుపిస్తాయండి." దానికి గోనెపట్టా కప్పారు. భుజంగరావు ఆనందం పట్టలేక గేటు మీద అయిదు నక్షత్రాల బిళ్ళ కొట్టించాడు. వార్డు మొత్తానికి అదొక్కటే.

"ముద్ర పగిలినచో గృహమునకు ఎర్రగుర్తు వేసి, ఇంటిపేరు మైకులో చదువబడును" అని కూడా చెప్పి వెళ్ళాడు. మైకు మాట వినగానే మంగతాయారు దేవుడిపటం వంక చూసింది.

ఆ సాయంత్రం దీప వెనకగదిలోంచి కేకేసింది. "అమ్మా, ప్రింటరు అవుపించట్లేదే!"

"హాల్లోనే ఉందిగా!"

"నాకు కాదే, ల్యాప్‌టాపుకి!"

"దానికి అవుపించక్కర్లేదు. మనకి అయిదు నక్షత్రాలు" అంది మంగతాయారు.

పదిరోజులు గొడవ లేకుండా గడిచాయి. పదకొండోరోజు పొద్దున్న దీప కళ్ళనీళ్ళతో వంటగదిలోకి వచ్చింది. ఊరి చివర నర్సింగు కాలేజీలో సీటుకి దరఖాస్తు ఆ రోజే ఆఖరు. మూడు పేజీలు. నింపింది, ఫొటో అంటించింది, 'నర్సు వృత్తినెందుకు ఎంచుకున్నారు' అన్నదానికి జవాబు కూడా రాసింది. అంతా ల్యాప్‌టాపులోనే ఉంది. కాలేజీవాళ్ళకి చేతిరాత పనికిరాదు, ప్రింటే కావాలి, సాయంత్రం నాలుగులోపు కావాలి. ఇంటర్లో రెండేళ్ళు ఆ పిల్ల ఆ సీటు కోసమే చదివింది.

"నాలుగు దాటితే ఇంకో ఏడాదే అమ్మా."

మంగతాయారు గ్యాసు కట్టేసింది. సహాయకేంద్రానికి ఫోను చేసింది.

"మీ సమస్య తెలుపగలరు" అంది అవతలి గొంతు.

"మా రెండు కంప్యూటర్లూ ఒకదాన్నొకటి చూసుకోట్లేదండి."

"పూర్తిగా చూచుకొనుట లేదా, కొంతవరకు చూచుకొనుచున్నవా?"

"అస్సలు లేదండి."

"ఎన్ని దినములనుండి?"

"పదిరోజులండి."

"అభినందనలు. మీ విజయమును నమోదు చేసుకొనుచున్నాము" అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే, ఒకే విజయాన్ని రెండుసార్లు నమోదు చేయడం కుదరదన్నారు.

మెడలో కార్డు వేసుకొని ఆఫీసుకే వెళ్ళింది. భుజంగరావు ఎదురొచ్చి కుర్చీ వేశాడు. విషయం విని గంభీరంగా తలూపాడు.

"నా సగమును వెలికితీయవలెనన్న ముగ్గురు సభ్యుల సంఘము కూడవలెను. ఇద్దరు సిద్ధముగా ఉన్నారు. మూడవ సభ్యుడు లేడు."

"ఎవరండీ ఆ మూడోఆయన?"

"నేనే."

"ఇక్కడే ఉన్నారు కదండీ!"

"అధ్యక్షుని హోదాలో ఉన్నాను. సభ్యుని హోదాలో శనివారము వరకు సెలవులో ఉన్నాను."

మంగతాయారు చేతులు జోడించింది. "మా పిల్ల చదువండీ. ఏదో ఒక దారి చెప్పండి, బాబుగారూ."

"దారి కలదు. అత్యవసర సడలింపు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఒక గంటలో మంజూరు చేసెదను."

"కాగితమివ్వండి, ఇక్కడే రాసిచ్చేస్తాను."

"చేతివ్రాత చెల్లదమ్మా. ముద్రిత ప్రతి తేవలెను" అన్నాడు భుజంగరావు.

ఆవిడ ఆయన మొహంలోకి కాసేపు చూసింది. అందులో నవ్వు లేదు, వెటకారం లేదు. కల్యాణమండపంలో చూసిన ఆ నమ్మకమే ఉంది. ఆ మొహం చూస్తే భయం వేసింది. అప్పటిదాకా వేసిన భయాల్లాంటిది కాదు అది.

ఇంటికొచ్చేసరికి రెండు నలభై. దారిలో సత్తిబాబు మూసిన షట్టరు ముందు కుర్చీ వేసుకొని పెళ్ళిసంబంధాల పుస్తకం తిరగేస్తున్నాడు. గవర్రాజు గుమ్మంలోనే ఉన్నాడు.

"ఏవన్నాడు?"

"శనివారం దాకా సెలవంట. ఎదురుగానే ఉన్నాడు, సెలవంట!"

గవర్రాజు తల పట్టుకున్నాడు. మంగతాయారు తిన్నగా హాల్లోకెళ్ళి ప్రింటరు ముందు నిలబడింది. ఎర్రగా, గుండ్రంగా, సర్కారు సింహాలతో లక్కముద్ర ఆవిడవంకే చూస్తున్నట్టుంది. అది పగిలితే ఏమవుతుందో వరసగా కళ్ళముందు కదిలింది. ఎర్రగుర్తు, మైకు, ఇంటిపేరు, కాసులమ్మ నవ్వు, పోలీసులు, గవర్రాజు కొట్టుకి తాళం. తర్వాత నాలుగు గంటలు దాటాక దీప మొహం ఎలా ఉంటుందో కూడా కదిలింది. అది చివర కదిలింది కాని, మిగతావన్నీ దాని వెనక్కి పోయాయి.

వంటగదిలోకెళ్ళి పచ్చడిబండ తెచ్చింది.

"ఒసేయ్, ఏం చేస్తున్నావ్?" అన్నాడు గవర్రాజు.

"మీరు వెనక్కి జరగండి. పెంకు కంట్లో పడుద్ది."

రెండుసార్లు కొట్టింది. ప్రింటరుకి దెబ్బ తగలకుండా కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టి మరీ కొట్టింది. ల్యాప్‌టాపు ముద్రలు మాత్రం అట్లకాడ కొనతో, బిడ్డ చెవిలో గుబిలి తీసినట్టు, నెమ్మదిగా గీకింది. గాల్లోంచి పోయే దారికి ఎలాగూ రెండో సగం కావాలి. అందుకని ప్రింటరునే ఎత్తి వెనకగదిలోకి మోశారు. గుమ్మం దగ్గర, "మెల్లిగా, కాలు చూసుకోండి" అని నాలుగుసార్లు అంది. దీప వైరు తగిలించింది. ప్రింటరు కాసేపు ఆలోచించి, గరగరమంది.

మూడో పేజీ బయటికొస్తుంటే, నలగకుండా మంగతాయారు రెండు చేతులా పట్టుకుంది. కూడబలుక్కొని చదివింది.

'మా అమ్మకి భయం ఎక్కువని అందరూ నవ్వుతారు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మామూలు జ్వరమని ఇంట్లో అందరూ అన్నా, మా అమ్మ వినకుండా ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఒక్కపూట ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరుగారన్నారు. మిగతావాళ్ళు ఇంకా ధైర్యంగా ఉన్నప్పుడే ముందుగా భయపడటం నర్సు చేయాల్సిన పని అని నాకు ఆ రోజు అర్థమైంది.'

"ఇదేంటే, ఇలా రాశావు?" అంది.

"ఏం, తప్పా?"

"ఆటో కాదు, రిక్షా."

"అమ్మా, టైమైపోతోంది!"

"వెళ్ళు, వెళ్ళు. మెల్లిగా వెళ్ళు. తొందరగా వెళ్ళు. వెనకచక్రం చూసుకో."

మూడు నలభైకి ఫోనొచ్చింది. "ఇచ్చేశానమ్మా. రసీదు కూడా ఇచ్చారు." మంగతాయారు అప్పుడు కూర్చుంది.

కూర్చొని అయిదు నిమిషాలు కాలేదు, గేటు దగ్గర మైకు ఆటో ఆగింది. భుజంగరావు దిగాడు. చేతిలో శాలువా. అధికారికంగా నమోదైన విజయం వార్డులో వీళ్ళదొక్కటే కాబట్టి, ఆదర్శగృహ పురస్కారం వీళ్ళకే వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయన కాలికింద లక్కపెంకు కరకరమంది.

"ఇది ఎవరి పని?"

గవర్రాజు గొంతు సవరించుకున్నాడు. మంగతాయారు లేచింది. పూజగూట్లోంచి నిబంధనల పుస్తకం తీసింది, పదిహేడో పేజీ దగ్గర అగరుబత్తి పుల్ల గుర్తు పెట్టి ఉంది.

"ముందు మీ కార్డు చూపించండి."

"ఏమిటి?"

"'యంత్రములను తాకిన అపరిచితుల వివరములు వెంటనే తెలుపవలెను' అని మీరే రాశారండి. ఆ రోజు మీరు మా కంప్యూటరు తాకారు. కార్డు చూపించలేదు."

"నేను మీకు అపరిచితుడనా? నన్ను మీరెరుగుదురు కదా!"

"ఎరిగినచోటినుంచే వస్తాడన్నది కూడా మీరేనండి."

మంగతాయారు అక్కడితో ఆగలేదు. ఆపాలన్నా భయం దానంతటది ఆగేది కాదు. "పదిరోజుల నుంచీ నాకొకటే దిగులండి. ఊరందరి పాస్‌వర్డుల సగాలూ ఒక్క బీరువాలో పెట్టారు కదా, ఆ బీరువా తాళంచెవి ఎక్కడుంటుందండీ?"

ఆయన చెయ్యి చొక్కాజేబు మీదకెళ్ళింది.

"ఆ చొక్కా చాకలికి వేస్తారు కదండీ?"

భుజంగరావు తాళంచెవి తీసి గుప్పిట్లో బిగించాడు.

"రెండోచెవి ఉందా? ఉంటే ఎవరి దగ్గరుంది? లేకపోతే, ఇది పోతేనో? మీ ఆఫీసులో ఎన్ని కంప్యూటర్లండీ? అవి ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయా?"

"పదునాలుగు" అన్నాడాయన. "చూచుకొనుచున్నవి."

"అయ్యబాబోయ్!" అంది మంగతాయారు, మనస్ఫూర్తిగా.

శాలువా గేటుమీదే వదిలేసి, ఆయన ఆటోని ఆఫీసుకి తోలించాడు. మైకులో ఎవరి పేరూ చదవలేదు. ఆ సాయంత్రమే పద్నాలుగు కంప్యూటర్లకీ చూపు కట్టేశారని, ప్రింటర్లకి లక్క పోశారని, బీరువా తాళంచెవిని ఇంకో బీరువాలో పెట్టి, దాని చెవిని మొదటి బీరువాలో పెట్టి మూశారని తర్వాత తెలిసింది. భద్రతకి సంబంధించి ఆ ఆఫీసుకి అయిదు నక్షత్రాలొచ్చాయి. తర్వాత అక్కడినుంచి ఏ కాగితమూ రాలేదు.

దీప కాలేజీలో చేరిన వారానికి, ఆదివారం మధ్యాహ్నం గేటు చప్పుడైంది. భుజంగరావే. ఒక్కడే నడిచి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. అడక్కముందే కార్డు తీసి చూపించాడు.

"అమ్మా, పై అధికారులు ఈ పథకమును రద్దు చేయుమన్నారు. రద్దు ఉత్తర్వు ముద్రిత ప్రతిలోనే ఉండవలెను. ఊరిలో పనిచేయు ప్రింటరు మీ యింటనే ఉన్నదని..." అంటూ చేత్తో రాసిన కాగితమొకటి చాచాడు.

మంగతాయారు మంచినీళ్ళిచ్చింది. ప్రింటరు మళ్ళీ హాల్లోకి వచ్చేసింది కాని చూపు ఇంకా కట్టే ఉంది. "మీ సగం కొట్టాలి కదండీ" అంది. తన సగం తను కొట్టింది. ఇలవేల్పు పేరూ, అత్తగారి పుట్టిన ఊరూ, గ్యాసు బుక్కు నంబరూ కలిపి ముప్ఫై ఒక్క అక్షరాలు. తర్వాత భుజంగరావు తువ్వాలు కోసం చూశాడు. లేదు. సిగ్గుపడుతూ ఒక్కవేలితో కొట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"అంతేనా అండీ?" అంది దీప.

"అన్ని గృహములకును అదియే" అన్నాడు మెల్లగా.

దీప వెనకగదిలో కూర్చొని ఉత్తర్వు టైపు చేసింది. "ఆఁ, ప్రింటరు అవుపిస్తోందమ్మా! ఇచ్చేస్తున్నా!" అని కేకేసింది. భుజంగరావు హాల్లో ప్రింటరు ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.

"ఆగవే, ఒక్క నిమిషం ఆగు!" అంటూ మంగతాయారు వంటగదిలోకి పరుగెత్తి, స్టవ్వు మంట తగ్గించింది. "ఇప్పుడు పంపు."